ఇంటిపేరు చెప్పని సారు

పోయిన వారం రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం, తమిళంలో దాని సారాంశం ఒక పేజీ, నేను సంతకం పెట్టవలసిన కాగితం ఒకటి, పాత ఫారం ఒకదాని నకలు ఉన్నాయి.

సంగతి ఇది. ఏడెనిమిదేళ్ళ కిందట కోయంబత్తూరు, మదురై వైపు పాత తెలుగు కుటుంబాల్లో రక్తం తీసుకుని, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ జన్యువుల్లో ఏ తేడాలున్నాయో పరిశోధన చేశారు. ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చి పెట్టిన డేటా కోఆర్డినేషన్ సెంటరుకు ఇన్నాళ్ళు వచ్చిన నిధులు ఆగిపోయాయి. ఇప్పుడు ఒక మందుల కంపెనీ డబ్బు పెట్టి దాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. పాత వివరాలు కొత్త చోటికి మార్చాలంటే ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఒప్పుకోవాలి. ఇచ్చినవాళ్ళు బతికి లేకపోతే ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. ఇంతకాలం ఈ పని చూసిన కోఆర్డినేటరు ఈమధ్య కాలం చేసినందువల్ల ఇకమీదట ఫలానా నంబరుకు ఫోన్ చేయాలి. నెలాఖరులోగా సంతకం పంపాలి.

ఆయన చనిపోయాడని నాకు అలా తెలిసింది. ఒక వాక్యంలో సగం, అదీ ఫోన్ నంబరు మారిందని చెప్పడానికి.

నా భార్య పోయి నాలుగేళ్ళు. ఆమె తరఫున నన్ను సంతకం పెట్టమంటున్నారు. ఆమె రక్తం ఇచ్చిందన్న సంగతే నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఇవ్వలేదని పదిమంది ముందు లేచి చెప్పిన మనిషిని నేను. కానీ నకలు ఫారం మీద ఆమె తమిళ సంతకం ఉంది. పక్కన తేదీ ఉంది. బీరువాలోంచి ఆ యేటి డైరీ తీసి ఆ తేదీ పేజీ చూశాను. నా చేత్తో రాసి ఉంది: "ఆమె తేనిలో. నాకు హోటలు టిఫిను. బావి మోటారు రిపేరు." తేని ఆమె చెల్లెలి ఊరు. ముందు నాలుగు రోజులు, తర్వాత ఐదు రోజులు కూడా ఆమె మా ఊళ్ళో లేదు. ఫారం మీద మాత్రం అన్నూరు పక్కన మా ఊరి చిరునామాయే ఉంది.

ఊళ్ళో లేని మనిషి ఎలా సంతకం పెట్టింది? మేము సారు అని పిలిచిన ఆ కోఆర్డినేటరును నేను మొదటి రోజు నుంచీ నమ్మలేదు. నా అనుమానానికి ఇన్నేళ్ళకు సాక్ష్యం దొరికిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన పోయాడన్న బాధకంటే అదే ముందు కలిగింది.

మొదటిసారి ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో నీలం రంగు ఐసు పెట్టె, భుజానికి గుడ్డసంచి. సన్నటి మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి నలుపు, ఒకటి నీలం. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. సంచీలోంచి కాగితాలు తీసి, వాటి అంచులు బల్ల అంచుకు సరిగ్గా కలిసేదాకా సర్దాడు. ఆ సర్దడం చూసి, నాలాంటి మనిషే అని ఒక్క నిమిషం ఇష్టం కలిగింది.

నా భార్య కాఫీ తెచ్చింది. ఆయన తీసుకోలేదు. నీళ్ళు తెచ్చింది. అవీ తీసుకోలేదు. "తర్వాత, అమ్మా," అన్నాడు. మా ఇళ్ళల్లో గడప తొక్కిన మనిషి నీళ్ళు కాదంటే రెండే అర్థాలు. మనల్ని తక్కువగా చూస్తున్నాడు, లేదా మనతో తగాదాకు వచ్చాడు.

మాట చూస్తే మన తెలుగే. మదురై వైపు యాస, అక్కడక్కడా మాకంటే పాత మాటలు. మావాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట అడిగేది ఇంటిపేరు. పేరు ముందు తమిళవాళ్ళలాగా ఒక్క అక్షరం పెట్టుకుని బతుకుతాం కనుక బడి కాగితాల్లో ఇంటిపేరు ఉండదు. నోటిలోనే ఉంటుంది. అది తెలిస్తే ఐదు నిమిషాల్లో వరస తేలుతుంది. మామ అవుతాడో, అన్న అవుతాడో తెలుస్తుంది. నా భార్య మామూలుగానే అడిగింది.

"మీ ఇంటిపేరు ఏమి, నాయనా?"

"అది వద్దమ్మా. సారు అనండి, చాలు."

ఆయన ఫారంలో మాత్రం మా ఇంటిపేరుకు ఒక గడి ఉంది. నా తల్లి పుట్టింటి పేరుకు ఒకటి, నాయనమ్మ పుట్టింటి పేరుకు ఇంకొకటి. మూడు తరాల ఇంటిపేర్లు అడిగే మనిషి తన ఒక్కటి చెప్పడు. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను: "నీళ్ళు తాగలేదు. ఇంటిపేరు చెప్పలేదు. ఏదో దాస్తున్నాడు."

నేను ముప్పై ఆరేళ్ళు స్పిన్నింగు మిల్లులో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. బేలు అనే దూది కట్ట నుంచి పిడికెడు తీసి, దాని పోగు పొడవు, బలం చూసి చీటీ రాయడం మా పని. నమూనా తీసినవాడే పరీక్ష చేయకూడదు. పరీక్ష చేసినవాడు బేలు ఎవరిదో చూడకూడదు. ఈ నియమాలు ఎందుకు పుట్టాయో నాకు బాగా తెలుసు. పిడికెడు దూది పోతే పోయిందని రైతు అనుకుంటాడు. ధర కట్టేది ఆ చీటీయే. అందుకే రక్తం గురించి నాకు భయం లేదు, రక్తం చుక్క మళ్ళీ ఊరుతుంది. దాని మీద రాసిన చీటీ ఎక్కడికి పోతుంది అనేదే నా ప్రశ్న.

అదే అడిగాను. ఆయనకు ఆ ప్రశ్న నచ్చినట్టుంది. కుర్చీ అంచు నుంచి కొంచెం వెనక్కి జరిగాడు. దేశంలో చాలా చోట్ల ఇలా రక్తం తీస్తున్నారనీ, ఒక్కో చోట ఒక్కో తీరుగా రాస్తారనీ, ఒకరు వయసు రాస్తే ఇంకొకరు పుట్టిన యేడు రాస్తారనీ చెప్పాడు. వాటన్నిటినీ ఒకే తీరుకు తెచ్చి, పేర్లు తీసేసి నంబర్లు వేసి, ఎవరికి ఎంతవరకు చూపించాలో చూసుకునే చోటే తమ సెంటరట. తాను డాక్టరు కాదనీ, పరిశోధకుడు కూడా కాదనీ, తాళంచెవి పట్టుకునే ఉద్యోగమనీ అన్నాడు.

"తాళంచెవి నీకు ఇచ్చింది ఎవరు?" అన్నాను.

"డబ్బు పెట్టినవాళ్ళు, సార్."

"వాళ్ళు తెరవమంటే?"

కాగితాలు మళ్ళీ ఒకసారి బల్ల అంచుకు సర్దాడు. "ఇప్పటికి తెరవమని ఎవరూ అడగలేదు," అన్నాడు. ఇది తప్పించుకునే జవాబు అని నేను రాసుకున్నాను. ఇప్పుడు చదివితే జవాబు లేదని ఒప్పుకున్నట్టు కూడా ఉంది. ఏది సరి అన్నది నాకు ఇంకా తేలలేదు.

నేను ఇవ్వనన్నాను. ఆయన ఫారం మీద నీలం పెన్నుతో "వద్దు" అని రాసి కింద గీత గీశాడు. తర్వాత నా భార్య వైపు తిరిగాడు. మా ఇంట్లో ఎవరూ ఇవ్వరని నేనే చెప్పాను.

"అమ్మను అడుగుతా ఉండాను, సార్."

అలా నాతో నా ఇంట్లో ఎవరూ అనలేదు. నా భార్య ఒకసారి నా వైపు చూసింది. "వద్దులే, సారూ," అంది. ఆయన ఇంకొక కాగితం తీసి దాని మీదా "వద్దు" అని రాశాడు. కాగితాలన్నీ సంచీలో పెట్టి, సంచీ మూసి, అప్పుడు చల్లారిపోయిన ఆ కాఫీ కావాలని అడిగాడు. వేడి చేసి తెస్తానన్నా ఆగలేదు. మూడు గుక్కల్లో తాగి, బాగుందని చెప్పి, వెళ్ళిపోయాడు.

ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. ఔను అన్నాక తాగుతాడు, కాదు అన్నాక తాగుతాడు, ముందు మాత్రం తాగడు. మిట్ట మధ్యాహ్నం పెదాలు ఎండిపోయి, వీధి కొళాయి దగ్గర దోసిలిపట్టి తాగడం చూసినవాళ్ళున్నారు. ఆడవాళ్ళు ఆయనకు "ఎండుగొంతు సారు" అని పేరు పెట్టారు. మా ఎదురింటి ముసలావిడ ఆయన మొహం మీదే అడిగిందట, మా చెంబులో విషముందా నాయనా, లేక నీ నోట్లోనా అని. ఆయన నవ్వి, విషం ఫారంలో ఉండొచ్చమ్మా, బాగా చదివించుకుని చెప్పండి అన్నాడట. అది విని ఊరు నవ్వింది. నేను నవ్వలేదు. తన సరుకును తానే అనుమానించమనే వ్యాపారి అందరికంటే తెలివైనవాడని నా నమ్మకం.

రెండోసారి ఆయన్ను సరిగ్గా చూసింది మా సంఘం సమావేశంలో. మా తెలుగువాళ్ళ సంఘానికి కల్యాణమండపం ఉంది, అప్పుడు నేను కార్యదర్శిని. ఆయన ఐసు పెట్టె లేకుండా వచ్చాడు. ఈసారి అడగడానికి వచ్చింది డబ్బు. సెంటరుకు వచ్చే నిధి మూడేళ్ళదేనట. అది అయిపోతే ఎవరు ఇస్తారో తెలియదు. రక్తం ఇచ్చిన సంఘాలు తలా కొంచెం వేస్తే బాగుంటుందన్నాడు.

"పెద్ద మొత్తం కాదు, సార్. ఏడాదికి మీ మండపం ఒక్క ముహూర్తం బాడుగ. డబ్బు పెట్టినవాళ్ళ మనిషి ఒకరు కమిటీలో కూర్చుంటారు. మీ వివరం ఎవురికి ఇయ్యాల, ఎవురికి ఇయ్యగూడదు అనేది మీరే ఆడ అడగొచ్చు."

మండపంలో అందరూ నా వైపు చూశారు. నేను లేచాను. ఆ రోజు నా మాట బాగా వచ్చింది.

"రక్తం మాది, డబ్బూ మాదే. ఇంగ నీది ఏముందప్పా దీంట్లో?"

నవ్వులు ఆగేదాకా ఆయన నిలబడ్డాడు. "నాది ఏమీ ఉండగూడదు, సార్. అందుకే మిమ్మల్ని అడిగేది," అన్నాడు.

నేను వదల్లేదు. మా ఊళ్ళో ఎవరెవరు ఇచ్చారో ఇక్కడే చదవమన్నాను. సంఘం డబ్బు వేయాలంటే సంఘానికి తెలియాలి కదా అన్నాను. ఆయన చెప్పనన్నాడు. సుమ్మా, ఊరికే చెప్పు, మేమేమైనా పరాయివాళ్ళమా అని వెనక నుంచి ఎవరో అన్నారు. చెప్పనని మళ్ళీ అన్నాడు. అప్పుడు నేను నా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అన్నాను.

"దాచేదానికి ఏముంది? మా ఇంట్లో ఒకరు గూడా ఇయ్యలేదు. నేను దండోరా వేసి చెప్తా. నువ్వు ఏంటికి దాస్తావు?"

ఆయన చేతిలో పెన్ను తెరిచి ఉంది. దాని మూత పెట్టాడు. నా వెనక ఆడవాళ్ళ వరసలో నా భార్య కూర్చుని ఉంది. ఆయన ఆ వైపు చూడలేదు, నా మొహంలోకీ చూడలేదు. మండపం నేల మీది ముగ్గు చెరిగిన చోట చూస్తూ, "మీరు చెప్పింది మీ మాట, సార్," అన్నాడు. అంతే. డబ్బు వేయకూడదని తీర్మానం అయింది. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం: "ఓడిపోయాడు, జవాబు లేదు."

ఇంటికి వచ్చాక నా భార్య అన్నం వడ్డించింది. సభలో బాగా మాట్లాడాను కదా అని అడిగాను. గట్టిగా మాట్లాడినావులే అంది.

మూడోసారి ఆమె పోయినప్పుడు. గుండె ఆగి, ఒక్క గంటలో, ఆసుపత్రికి చేరకముందే. పదకొండో రోజు ఆయన వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, మనిషి ఇంకా సన్నబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. ఆయన రెండు చేతులూ కట్టుకుని ఒక్క ప్రశ్న వేశాడు.

"అమ్మకు ఏమైనా ఆపరేషన్ చేసిరా, సార్? మత్తుమందు ఏమైనా ఇచ్చిరా?"

ఎముకలు చల్లారని ఇంటి ముందు నిలబడి ఆసుపత్రి వివరాలు సేకరిస్తున్నాడని నా ఒళ్ళు మండింది. లేదు, గుండె అని చెప్పాను. ఆయన పొడుగ్గా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు ఇంకా కోపం తెప్పించింది. చచ్చినవాళ్ళను కూడా నీ ఫారంలో రాసుకుంటావా, ఇంకోసారి ఈ గేటు తాకొద్దు అన్నాను. సరి సార్ అని నడిచి వెళ్ళిపోయాడు. బస్సు స్టాపు దాకా ఆయన వెనక్కి తిరగలేదని డైరీలో ఉంది. అంటే అంతసేపూ నేను గేటు దగ్గరే నిలబడి చూశానన్నమాట.

ఆ తర్వాత ఆయన్ను చూడలేదు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఒక మందుల షాపు ముందు ఒకసారి ఆయనలా నిలబడిన మనిషిని చూసి రోడ్డు అవతలికి దాటాను. అది ఆయనో కాదో తెలియదు.

ఇవన్నీ తేదీలవారీగా ఒక కాగితం మీద రాసుకున్నాను. ఇంటిపేరు దాచడం, నీళ్ళు ముట్టకపోవడం, నా భార్యను విడిగా అడగడం, సభలో పేర్లు చదవకపోవడం, గేటు దగ్గర ఆ ప్రశ్న. చివర ఫారం మీది తేదీ, డైరీలోని తేదీ. సెంటరుకు ఫిర్యాదు రాయడానికి సిద్ధమయ్యాను. నా భార్య సంతకం దొంగ సంతకమనీ, ఆ వివరాలు కంపెనీకి పోకుండా వెంటనే చెరిపేయాలనీ రాశాను. పంపే ముందు ఒక్కటి సరిచూసుకోవాలనిపించింది. ఆమె ఆ రోజు నిజంగా తేనిలోనే ఉందని చెప్పడానికి నా డైరీ కాక ఇంకో సాక్షి ఉంటే మంచిది కదా. తేనిలో మా మరదలికి, అంటే నా భార్య చెల్లెలికి, ఫోన్ చేశాను. వాళ్ళది ఏలకుల వ్యాపారం. ఎప్పుడు ఫోన్ చేసినా వెనక జల్లెడ చప్పుడు వినిపిస్తుంది.

తేదీ చెప్పి, ఆ వారం అక్క మీ ఇంట్లోనే ఉందా అని అడిగాను. ఉందంది. మధ్యలో ఎప్పుడైనా కోయంబత్తూరు వచ్చిపోయిందా అన్నాను. లేదంది. మంచిది అన్నాను. ఎందుకని అడిగితే ఉత్తరం సంగతి, దొంగ సంతకం సంగతి చెప్పాను. జల్లెడ చప్పుడు ఆగింది. ఆపమని ఆమే ఎవరికో చెప్పింది.

"అది దొంగది కాదు, బావా. అక్క ఈడనే సంతకం పెట్టె. నా కళ్ళ ముందరే."

"వాడు తేనికి వచ్చినాడా?"

"అక్క పిలిస్తే వచ్చినారు. ఫోన్ చేసింది నేనే."

ఆమె మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి చెప్పింది. వాళ్ళ అన్నకు హెర్నియా ఆపరేషన్ చేసినప్పుడు మత్తు ఒక పగలూ ఒక రాత్రీ దిగలేదు, మిషను పెట్టి ఊపిరి ఆడించాల్సి వచ్చింది. డాక్టరు మందు ఎక్కువ ఇచ్చాడని మేమందరం తిట్టాం, నేనూ వెళ్ళి తిట్టి వచ్చాను. అంతకు ముందు తరంలో వాళ్ళ మేనత్తకూ అలాగే జరిగిందట. ఆ మందు కొన్ని ఇళ్ళవాళ్ళ ఒంట్లో తొందరగా కరగదని సారు మా ఊళ్ళో ఎవరికో చెబుతుంటే నా భార్య విన్నది. చెల్లెలి కూతురు అప్పుడు కడుపుతో ఉంది. కాన్పుకు ఆపరేషన్ చేయాల్సి రావచ్చని డాక్టర్లు అన్నారు.

"సారు ముందే చెప్పేసిరి, బావా. ఇది పరిశోధన, మీకు చీటీ రాదు, ఈ బిడ్డకు దీనివల్ల ఇప్పుడు ఏమీ కలిసిరాదు, కాన్పు డాక్టరుకు మీ అన్న కథ మీ నోటితో చెప్పండి, అదే ముఖ్యం అని. చెప్పినాము గూడా. అక్క అయినా ఇస్తాననె."

"నాకు చెప్పకుండా."

"నువ్వు ఆయన ముందర వద్దు అని చెప్పినావంట. ఆ ఇంట్లో నీ మాట తియ్యనంది అక్క. ఇది మా ఇంటి రక్తం, మా ఇంట్లో ఇస్తా అనె."

నేను చిరునామా సంగతి అడిగాను. చిన్న విషయం పట్టుకుంటే పెద్దది కొంచెం దూరం జరుగుతుంది. ఆధార్ కార్డులో ఉన్నదే రాయాలన్నారు, అందుకని మా ఊరిదే రాశారంది. మీ ఇంట్లోనైనా నీళ్ళు తాగాడా అన్నాను. ఆమె కొంచెం నవ్వింది.

"ముందు తాగలే. నేను విడుస్తానా, ఏంటికి సార్ ఇట్ల అవమానం చేస్తారు అని నిలేసి అడిగినా. మీ కాఫీ తాగినాక, మీ వరస తెలిసినాక నేను అడిగితే మీరు లేదనలేరు కదమ్మా అనె. మనవాళ్ళ సంగతి ఆయనకు తెలుసు, బావా. మామా అని పిలిచినవాడికి మనం కైయెళుత్తు పెట్టకుండా ఉంటామా?"

ఉండం. మా సంఘంలో చదవకుండా పెట్టిన సంతకాలన్నీ అలాంటివే. మిల్లులో నమూనా తీసేవాడు బేలు యజమాని ఇంట్లో భోంచేయకూడదని నేనే నోటీసు అంటించాను. ఆ నోటీసు అంటించిన మనిషికి ఈ సంగతి ఇన్నేళ్ళు తోచలేదు.

ఆయన మంచివాడని ఇక్కడ రాసేస్తే ఈ వ్యాసం తేలిగ్గా ముగుస్తుంది. చెయ్యి రావడం లేదు. నా భార్య చేసిన పనిని ఆయన నాకు చెప్పకుండా దాచాడు. నిండు సభలో నేను చెప్పేది నిజం కాదని తెలిసి, ఒక్క మాటతో నన్ను కూర్చోబెట్టగలిగి, ఊరుకున్నాడు. ఆ ఒక్క మాట అని ఉంటే తీర్మానం వేరుగా వచ్చేదేమో, ఆయన సెంటరుకు డబ్బు వచ్చేదేమో. దానికి బదులు పెన్ను మూత పెట్టాడు. ఆ రోజు మేము ఒక ముహూర్తం బాడుగ వేసి ఉంటే ఇప్పుడు ఆ కమిటీలో మా మనిషి ఒకడు ఉండేవాడు, మందుల కంపెనీని నిలదీసి అడిగేవాడు. ఆ కుర్చీ వద్దని తీర్మానం రాసింది నా చెయ్యే. ఇవన్నీ తెలిసినా, నా ఇంటి గుట్టు నాకంటే బాగా తెలిసిన ఆ పరాయి మనిషి మీద నా మనసులో ఒక ముల్లు ఉంది. అది తీసేయలేను.

ఫోన్ పెట్టేముందు సంతకం సంగతి ఎత్తాను. ఫిర్యాదు పంపను, చింపేస్తాను, కానీ ఈ కొత్త కాగితం మీద ఏం చేయాలో ఆలోచిస్తున్నానని చెప్పాను. మరదలు అడిగింది.

"నీకు వచ్చింది ఒక్క పేజీ నకలేనా? రెండో పేజీ లేదా?"

లేదన్నాను. ఆయన ఎప్పుడూ రెండు ప్రతులు రాసి ఒకటి ఇచ్చినవాళ్ళ దగ్గరే వదిలేవాడట. అక్క ప్రతి ఆమె బీరువాలో ఉంది. వెతికి తెచ్చి చదివింది. రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది: నా తదనంతరం ఈ వివరాల గురించి ఎవరిని అడగాలి? కింద నా భార్య తమిళంలో చెల్లెలి పేరు రాసింది. భర్త అని అచ్చు వేసి ఉన్న చోట అడ్డంగా గీత కొట్టి, పక్కన మళ్ళీ సంతకం పెట్టింది.

కొత్త సెంటరువాళ్ళు రెండో పేజీ చూడలేదు. భార్య పోయింది కనుక మొగుడికి పంపారు. చాలామంది అలాగే చేస్తారు. నేనైనా అలాగే చేసేవాణ్ణి.

"అంటే అడగాల్సింది నన్ను, బావా."

"నువ్వు ఏం చెప్తావు?"

ఆ కంపెనీ ఏ మందు చేస్తుంది, వివరాలు ఇంకెవరికైనా అమ్ముతుందా, తర్వాత వద్దంటే తిరిగి ఇస్తారా అని ఆమె అడిగింది. ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించాను. మూడింటికీ దాంట్లో జవాబు లేదు. జవాబు వచ్చేదాకా తాను పెట్టనంది. వచ్చాక పెడతావా అంటే, అక్క ఇచ్చింది ఎవరికైనా పనికి రావాలనే కదా, చూస్తా అంది. ఏం తేల్చుకున్నావో నాకు చెబుతావా అని అడిగాను.

"అప్పుడు చూస్తాం, బావా," అంది మరదలు.

ఈ ఉదయం సెంటరుకు జవాబు రాశాను. సంతకం పెట్టే చోట అడ్డంగా గీత గీశాను. అడగవలసింది నన్ను కాదనీ, నా భార్య ఫారం రెండో పేజీ వెతికి చూడమనీ వేరే కాగితం మీద రెండు వాక్యాలు రాశాను. ఆ రెండో పేజీ దొరకకపోతే ఎలా అని, కింద మరదలి పేరు, తేని చిరునామా రాయడం మొదలుపెట్టాను. పేరులో మొదటి అక్షరం రాశాక కలం ఆపాను. ఆమె చిరునామా వాళ్ళకు ఇమ్మని ఆమె నాతో చెప్పలేదు. ఆ అక్షరం కనిపించకుండా కొట్టేసి, కాగితం పాడైందని ఇంకో కాగితం తీసుకుని, ఆ రెండు వాక్యాలే మళ్ళీ రాసి, పోస్టులో వేసి వచ్చాను.